మాత్ర వేసిన నెలకే మళ్లీ దురద: ఏ పురుగు ఏ దారిన వస్తుంది?

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. కుదించి రాస్తున్నాను. "మా పాపకు ఏడేళ్లు. ఫిబ్రవరిలో బడిలో నులిపురుగుల మాత్ర వేశారు. నెల తిరగకముందే మళ్లీ రాత్రిళ్లు కూర్చునే చోట ఒకటే దురద, ఏడుపు. మలం పరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారు. బెల్లం, చాక్లెట్లు తినబట్టే అని మా అత్తమ్మ అంటుంది. మా ఆయన పదిహేను వేలు పెట్టి వాటర్ ఫిల్టర్ కొందామంటున్నాడు. నాకేమో రక్తం 8 గ్రాములే ఉంది. నాట్లకు, పత్తి ఏరడానికి కూలికి పోతాను. పోయినేడు మా మరిదికి ఫిట్స్ వస్తే స్కానింగ్ తీసి మెదడులో పురుగు ఉందన్నారు. పాప కడుపులో పురుగులు కూడా తలకెక్కుతాయా సార్? ఇవి మళ్లీ రాకుండా ఉండాలంటే ఏం చేయాలి?"

నేను డాక్టరును కాదమ్మా. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా మైక్రోస్కోపు ముందు కూర్చున్న ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఇప్పుడు రిటైరయ్యాను. మందు ఎవరికి ఎంత వేయాలో మీ డాక్టరే చెప్పాలి. పురుగు ఎట్లా లోపలికి వస్తుంది, ఎట్లా బయటికి పోతుంది అన్నది మాత్రం నాకు బాగా తెలిసిన సంగతి.

ముందు మీ టెన్షన్ తీరుస్తాను. పాప పురుగులు తలకెక్కవు. పాపది ఒక పురుగు, మీ మరిది తలలోది ఇంకో పురుగు, మీ రక్తం తాగే పురుగు ఏదైనా ఉంటే అది మూడోది. మనవాళ్లు అన్నిటినీ కలిపి నట్టలు అనేస్తారు, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. ఒకటి గోళ్ల సందులోంచి నోట్లోకి పోతుంది. ఇంకొకటి ఉత్త కాళ్ల చర్మంలోంచి దూరుతుంది. ఏది ఏ దారిన వచ్చిందో చూసుకోకుండా డబ్బు పెడితే, దొంగ పెరటి గోడ దూకి వస్తుంటే ముందు తలుపుకు కొత్త తాళం కొన్నట్టే.

మీరు చెప్పిన దాన్ని బట్టి పాపది సూది పురుగు. తెల్లగా, కుట్టు దారం తెంపి పడేసిన ముక్కలా ఉంటుంది, ఆడది సుమారు ఒక సెంటీమీటరు. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట కాపురం. గుడ్లతో కడుపు నిండాక అది పగలు కదలదు. పిల్ల నిద్రపోయాక మలద్వారం దాటి బయటికి పాకుతూ వచ్చి, అక్కడి చర్మం ముడతల్లో పది వేల దాకా గుడ్లు అంటించి చచ్చిపోతుంది. ఆ పాకుడుకూ, గుడ్ల జిగురుకూ పుట్టేదే దురద. పాప నిద్రలోనే గోకుతుంది, గుడ్లు గోళ్లలోకి చేరుతాయి. వేరే పురుగుల గుడ్లు మట్టిలో రోజులకు రోజులు పండాలి. దీనికి ఆ అవసరం లేదు, నాలుగు నుంచి ఆరు గంటలు చాలు. రాత్రి పదకొండుకు పెట్టిన గుడ్డు పొద్దున పాప వేలు నోట్లో పెట్టుకునేసరికి తయారుగా ఉంటుంది. మింగిన గుడ్డు పెద్ద పురుగై మళ్లీ గుడ్లు పెట్టడానికి సుమారు ఒక నెల. ఇప్పుడు మీ క్యాలెండర్ చూసుకోండి, నెల తిరగకముందే దురద ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

మలం పరీక్షలో ఏమీ లేదన్నది కూడా ఇందుకే. గుడ్లు పెట్టేది బయట చర్మం మీద, మీరు డబ్బాలో ఇచ్చిన మలంలో అవి సాధారణంగా దొరకవు. దీనికి సెల్లో టేపు పరీక్ష చేయాలి. పొద్దున పాప లేవగానే, కడగకముందు, స్నానం చేయించకముందు, రెండంగుళాల తేట టేపు జిగురు వైపు మలద్వారం చుట్టూ అద్ది, దాన్ని గాజు స్లైడు మీద అతికించి ల్యాబ్‌కు ఇవ్వండి. స్లైడు ముందు రోజే ల్యాబ్‌లో అడిగితే ఇస్తారు. మూడు రోజులు వరసగా చేస్తే తప్పిపోయే అవకాశం తక్కువ. తరువాత మీ చేతులు సబ్బుతో కడుక్కోండి, టేపుకు అంటినవి మీ వేళ్లకూ అంటుతాయి. మైక్రోస్కోపులో ఆ గుడ్డును ఒక్కసారి చూస్తే మరిచిపోలేం. ఒక పక్క చదును, ఇంకో పక్క ఉబ్బు, అద్దంలా తేట. ఒక్కోసారి లోపల చుట్టుకుని పడుకున్న పిల్ల మెల్లగా కదలడం కూడా కనిపిస్తుంది. ల్యాబ్ దాకా పోలేకపోతే, పాప పడుకున్న రెండు మూడు గంటలకు టార్చి వేసి చూడండి. పురుగే కనిపించవచ్చు.

మరి బడిలో వేసిన మాత్ర పనిచేయలేదా? చేసింది. ఆల్బెండజోల్ ఆ రోజు కడుపులో ఉన్న పురుగులను చంపుతుంది, గుడ్ల మీద దానికి అంత బలం లేదు. పైగా 2015లో మొదలైన ఆ నులిపురుగుల దినం అసలు గురి మట్టి ద్వారా వచ్చే పురుగుల మీద. ఏలికపాము, కొంకి పురుగు లాంటివాటికి ఆరు నెలలకోసారి ఒక మాత్ర అన్నది సరైన లెక్కే. సూది పురుగుకు ఆ లెక్క చాలదు. రెండు వారాలు ఆగి రెండో మాత్ర పడాలి, మొదటి మాత్ర రోజున గుడ్డుగా ఉన్నది ఈలోపు పురుగై ఉంటుంది, గుడ్లు పెట్టే వయసు మాత్రం రాదు. ఇంకో మాట: మాత్ర పాప ఒక్కతికే వేస్తే ప్రయోజనం తక్కువ. ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి. అత్తమ్మ, మీ ఆయన, మీరు, దురద లేనివాళ్లు కూడా. మామూలుగా రెండేళ్లు దాటినవాళ్లకు 400 మిల్లీగ్రాములు, ఏడాది నుంచి రెండేళ్ల వరకు అందులో సగం. ఏడాది లోపు పిల్లలు, గర్భిణులు, మీ మరిది, ఈ ముగ్గురి సంగతి డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. మరిది ఎందుకో కింద చెబుతాను.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, మా ఇంట్లో అనుభవించింది. మా చిన్నమ్మాయి రెండో తరగతిలో ఉండగా ఇదే దురద. పగలంతా ఊళ్లోవాళ్ల పురుగులు చూసే నేను, ఇంటికొచ్చి బిడ్డకు ఒక్క మాత్ర వేసి ఊరుకున్నాను. మూడుసార్లు తిరిగి వచ్చింది. మూడోసారి మా ఆవిడ, "ఆ టేపేదో అందరికీ పెట్టరాదు?" అంది. పెట్టి చూస్తే పెద్ద పిల్లాడికీ ఉంది, వాడు ఒక్కనాడూ గోక్కోలేదు. వాళ్లిద్దరూ ఒకే బొంత మీద పడుకునేవారు.

ఆ బొంత సంగతే చూడండి. దుప్పట్లు, చద్దర్లు పొద్దున వాకిట్లో దులిపే అలవాటు మనకుంది. దులిపితే గుడ్లు గాలిలో లేచి ముక్కులో, నోట్లో పడతాయి. మాత్ర వేసిన మర్నాడు వాటిని దులపకుండా చుట్టుకెళ్లి వేడినీళ్లలో నానబెట్టి ఉతకండి, ఎర్రటి ఎండలో ఆరేయండి. నీడలో, చల్లగా ఉన్నచోట ఈ గుడ్లు రెండు మూడు వారాలు బతుకుతాయి, ఎండకు తట్టుకోవు. పాప గోళ్లు పొట్టిగా కత్తిరించండి. రాత్రి బిగుతైన చెడ్డీ వేయండి. సాయంత్రం స్నానం మానేసి పదిహేను రోజుల పాటు పొద్దున లేవగానే చేయించండి, రాత్రి పెట్టిన గుడ్లు చాలావరకు అక్కడే పోతాయి. ఇంతకంటే ఎక్కువ హైరానా పడొద్దు. ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగి, బిడ్డను దూరం కూర్చోబెట్టే తల్లులను చూశాను, అది పాపకు దురద కంటే పెద్ద శిక్ష. ఈ పురుగు మురికి ఇళ్లలోనే వస్తుందనుకోకండి, డాక్టర్ల పిల్లలకూ వస్తుంది.

బెల్లం వల్ల పురుగు పుట్టదు. పురుగు గుడ్డులోంచే పుడుతుంది. చాక్లెట్ తగ్గిస్తే పళ్లకు మంచిదే కాబట్టి ఈ విషయంలో అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. మాత్ర రోజున ఆమెను కూడా కూర్చోబెట్టి నమిలించగలిగితే చాలు.

ఇక మీ రక్తం. 8 గ్రాములు చాలా తక్కువ, ఆడవాళ్లకు 12 ఉండాలి. దీనికి పురుగే కారణమని పరీక్ష లేకుండా అనలేను. నెలసరిలో ఎక్కువ పోవడం, కాన్పులు దగ్గర దగ్గరగా రావడం, తిండిలో ఇనుము చాలకపోవడం, ఇవన్నీ ముందు అనుమానించాల్సినవే. అయితే పొలం పని చేసే మనిషికి రక్తం తక్కువంటే నా చేయి మలం స్లైడు వైపు పోయేది. కొంకి పురుగు కోసం.

దాని దారి వేరు. ఊళ్లో మరుగుదొడ్డి కట్టినా, పొలం దగ్గర అవసరమైతే ఎవరైనా ఎక్కడికి పోతారు? చెరువు కట్ట కింద, కంపచెట్ల చాటున, కాలువ గట్టు మీద. నీడ, చెమ్మ, మెత్తటి మట్టి. కొంకి పురుగు గుడ్డు కోరేది సరిగ్గా అదే. ఒకటి రెండు రోజుల్లో పొదిగి, వారం పది రోజుల్లో చర్మంలో దూరే వయసుకు వస్తుంది. ఆ పిల్ల కంటికి కనిపించదు, మట్టి పైపొరలో తల ఎత్తి కాచుకుని ఉంటుంది. ఉత్త కాలు తగిలితే వేలి సందులోంచి లోపలికి. అక్కడ కొన్ని రోజులు ఎర్రగా దద్దురు, దురద. నాట్లప్పుడు నీళ్లలో కాళ్లు నాని ఒరిసిపోవడం మనకు అలవాటే కాబట్టి ఈ దురదను ఎవరూ పట్టించుకోరు. అది రక్తంలో పడి ఊపిరితిత్తులకు పోయి, దగ్గుతో గొంతులోకి వచ్చి, ఉమ్మితో పాటు మింగబడి, చివరికి చిన్నపేగు గోడను కొరికి పట్టుకుంటుంది. ఇంత తిరుగుడు ఎందుకో దానికే తెలియాలి.

మన దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే రకం రోజుకు సుమారు 0.03 మి.లీ. రక్తం తాగుతుంది. చుక్కలో చుక్క. వంద పురుగులుంటే రోజుకు 3 మి.లీ., నెలకు 90. నాలుగు నెలలకు, రక్తదానం చేస్తే తీసే 350 మి.లీ. సంచి నిండినంత. అందులో కొంత ఇనుమును పేగు తిరిగి పీల్చుకుంటుంది గానీ, నెల నెలా నెలసరి కూడా పోయే ఒంటికి ఆ మిగిలిన నష్టమే ఎక్కువ. ఇంకో రకం ఒక్కొక్కటీ దీనికి ఐదు రెట్లు తాగుతుంది.

మీ విషయంలో మలం పరీక్ష పనికొస్తుంది. కొంకి పురుగు గుడ్లు మలంతోనే బయటికి వస్తాయి. అయితే తాజాగా ఇవ్వాలి. మన ఎండలకు ఆ గుడ్లు డబ్బాలోనే ఎదిగి పొదుగుతాయి, అప్పుడు స్లైడు చదవడం తికమక. మధ్యాహ్నం దాటి తెచ్చిన డబ్బాలను నేను వెనక్కి పంపేవాణ్ణి, అందుకు తిట్లు కూడా తిన్నాను. పురుగు ఉంటే మాత్ర, ఉన్నా లేకపోయినా ఇనుము మాత్రలు డాక్టరు చెప్పినన్ని నెలలు. టీతో కాదు, నిమ్మరసంతో. ఇనుము మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, భయపడి మానేయొద్దు. పొలానికి చెప్పులేసుకుని పోండి. బురద మడిలో చెప్పులు నిలవవని నాకు తెలుసు, మడిలో వద్దు. గట్ల మీద, ఆ చాటు జాగాల్లో మాత్రం కాలికి ఏదైనా ఉండాలి. నిలిచిన నీళ్ల కంటే ఆ చెమ్మ నేలలే ప్రమాదం. మూసీ మురుగు పారే పొలాల్లో, వలిగొండ వైపు, ఉత్త కాళ్లతో పనిచేసేవాళ్లకు నేను ఇదే మాట రెండుసార్లు చెప్పేవాణ్ణి.

ఏలికపాము గురించి మీరు అడగలేదు కాబట్టి ఒక్క ముక్క. జానెడు పొడవు, రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు. గుడ్డు మట్టిలో కనీసం రెండు మూడు వారాలు పండాకే అంటుతుంది. మట్టి చేతులు, కడగని క్యారెట్, ముల్లంగి దాని దారి. బడిలో వేసే మాత్ర దీనికి బాగా పనిచేస్తుంది.

మీ మరిది విషయం జాగ్రత్తగా చదవండి. ఇక్కడ పొరపాటు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

పంది మాంసం సరిగ్గా ఉడకకుండా తింటే, అందులో బియ్యపు గింజంత నీటి తిత్తులుంటే, తిన్న మనిషి పేగులో బద్దె పురుగు పెరుగుతుంది. రెండు నుంచి ఏడు మీటర్లు, నాడాలా చదునుగా. మలంలో తెల్లటి నాడా ముక్కలు పడుతుంటే అదే. ఆ మనిషికి దానివల్ల పెద్ద బాధ ఉండకపోవచ్చు. అతని మలంలో గుడ్లు పోతాయి. ఊరి పంది ఆ మలం తింటే గుడ్లు దాని కండలోకి చేరి తిత్తులవుతాయి. చక్రం ఇంతే, మనిషి నుంచి పందికి, పంది నుంచి మనిషికి. చిక్కంతా, అదే గుడ్డును పంది కాకుండా ఇంకో మనిషి మింగినప్పుడు. అప్పుడు ఆ మనిషి పంది జాగాలో నిలబడినట్టు. గుడ్లు అతని కండల్లో, కంట్లో, మెదడులో తిత్తులవుతాయి. మెదడులో అయితే ఫిట్స్. మన దేశంలో ఫిట్స్‌కు ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి.

కాబట్టి తలలో పురుగు ఉన్నవాళ్లు పంది మాంసం తిని ఉండాలన్న రూలేమీ లేదు. జన్మలో మాంసం ముట్టని ఇళ్లలోనూ చూశాను. బద్దె పురుగు ఉన్న మనిషి దొడ్డికి పోయి చేతులు సరిగ్గా కడగకుండా వంట చేసినా, మురుగు నీటితో పండిన కొత్తిమీర కడగకుండా పచ్చడిలో వేసినా చాలు. క్యాబేజీ తింటే పురుగు మెదడుకెక్కుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. క్యాబేజీలో పుట్టే పచ్చ పురుగుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. పచ్చిగా తినే ఏ ఆకుకైనా మట్టితో పాటు గుడ్లు అంటి ఉండొచ్చు, అంతే. ఉడికిస్తే గుడ్డు చస్తుంది. మీ ఇంట్లో అందరి మలం ఒకసారి పరీక్ష చేయించమని చెప్పేది ఇందుకే. ఆ గుడ్లు పంచిన మనిషి ఒక్కోసారి అదే ఇంట్లో ఉంటాడు.

ఇప్పుడు మరిదికి మాత్ర ఎందుకు వద్దన్నానో వినండి. ఆల్బెండజోల్ మెదడులోని తిత్తి మీద కూడా పనిచేస్తుంది. ఆ తిత్తి చచ్చేటప్పుడు చుట్టూ మెదడు వాస్తుంది, ఫిట్స్ ఎక్కువ కావచ్చు. డాక్టర్లు వాపు తగ్గే మందు కలిపి, స్కానింగ్ చూసి, ఎన్ని రోజులో లెక్క కట్టి ఇస్తారు, కొందరికి అసలు ఇవ్వరు. ఇంట్లో అందరితో పాటు ఆయనా ఒకటి నమిలేస్తే ఏమవుతుందిలే అని అనుకోవద్దు. ఫిట్స్ మాత్రలు కూడా బాగానే ఉంది కదా అని మధ్యలో ఆపొద్దు.

మీకు గొర్రెలున్నాయో లేదో రాయలేదు. మన గొల్ల, కుర్మల ఇళ్లలో ఇంకో తిత్తి సంగతి ఉంది, చెప్పకుండా ఉండలేను. పండగకు గొర్రెను కోసినప్పుడు కార్జంలోనో, ఊపిరితిత్తిలోనో నీళ్లు నిండిన తెల్లటి బుడగ కనిపిస్తుంది. దాన్ని కోసి కుక్కకు విసరడం మా ఊళ్లో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ బుడగ నిండా కుక్క కడుపులో పెరిగే బుల్లి బద్దె పురుగు తలలు. కుక్క మలంలో గుడ్లు, కుక్కను ముద్దు చేసిన చేయి నోట్లో, ఏళ్ల తరువాత మనిషి కాలేయంలో కొబ్బరికాయంత గడ్డ. బుడగలను కాల్చండి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చండి. మంద కాసే కుక్కకు పశువుల డాక్టరును అడిగి పురుగుల మందు వేయించండి. సర్కారు గొర్రెలకు వేసే నట్టల మందును మనుషులు తాగిన కేసులు నా సర్వీసులో రెండు చూశాను, "మందు మందే కద సార్" అన్నారు. కాదు. గొర్రెల మందుల్లో మనుషులకు వాడకూడనివి ఉంటాయి. వాటిలో ఒక దానివల్ల మనుషుల చూపు పోయిన ఉదంతాలున్నాయి.

ఫిల్టర్ దగ్గరికి వద్దాం. సూది పురుగు నీళ్లలో రాదు, కొంకి పురుగూ రాదు. ఆ పదిహేను వేలు పాప దురదను ఒక్క రాత్రి కూడా ఆపలేవు. అమీబా, జియార్డియా లాంటి కంటికి కనిపించని జీవులు నీళ్లలో వస్తాయి, నిజమే. జిగట విరేచనాలు, కొందరికి కాలేయంలో చీము గడ్డ. కల్లు తాగే మగవాళ్లలో ఈ గడ్డ ఎక్కువ. అమీబా గట్టి పెంకు కట్టుకుని ఉంటే నీళ్లలో వేసే మామూలు క్లోరిన్‌కు చావదు, మరిగిస్తే చస్తుంది. గ్యాస్ పొయ్యి చాలు. మీ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే అది వేరే కథ, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. మిషన్ భగీరథ నల్లా వస్తుంటే తాగడానికి అవే వాడండి, బోరు నీళ్లు బట్టలకూ బాసన్లకూ.

నీళ్లలో వచ్చే పురుగును గుడ్డ ముక్కతో ఆపిన చరిత్ర మనకుంది. మా అవ్వది కొల్లాపూర్ వైపు. ఆమె ఎడమ చీలమండ పక్కన ముడుచుకుపోయిన మచ్చ ఉండేది, నారి కురుపు మచ్చ. దిగుడు బావిలో మెట్లు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచేవారట. నీళ్లలో ఒక మిల్లీమీటరు సైజు సైక్లాప్స్ అనే పురుగు ఉంటుంది, దాని కడుపులో నారి పిల్ల. తాగినప్పుడు తెలియదు. సరిగ్గా ఏడాదికి, అంటే మళ్లీ వ్యవసాయం పనులు ముదిరే వేళకు, కాలి మీద నిప్పు పెట్టినట్టు బొబ్బ లేస్తుంది. మంట తాళలేక కాలు నీళ్లలో పెడితే బొబ్బ చితికి, పాలలాంటి నీళ్లతో లక్షల పిల్లలు బావిలోకి. చల్లగా ఉందని కాలు పెట్టిన మనిషే మరుసటి ఏడాదికి ఊరందరికీ పురుగు పంచినట్టయింది. బయటికి తొంగి చూసే పురుగు కొసను చీపురు పుల్లకు చుట్టి రోజుకు ఒక చుట్టు, రెండు చుట్లు. పురుగు పొడవు మూరెడు నుంచి రెండు మూరలు, వారాల పని. తొందరపడి లాగితే తెగుతుంది, కాలు చీము పడుతుంది. అవ్వ పురుగు తెగింది. ఆ ఏడు నాట్లకు పోలేదనీ, కూలి లేక అప్పు చేశామనీ చెప్పేది.

దానికి ఇప్పటికీ మందు లేదు, టీకా లేదు. 1980లలో దేశమంతా పని మొదలుపెట్టారు. పాలమూరు, కర్నూలు లాంటి కరువు జిల్లాల్లో దిగుడు బావుల మెట్లు మూసి చేదబావులు చేశారు, బోరింగులు వేశారు, నీళ్లలో సైక్లాప్స్‌ను చంపే మందు కలిపారు, బిందె మూతికి రెండు మడతల గుడ్డ కట్టించారు. కురుపు లేచినవాళ్లను బావిలో దిగనీయలేదు. దేశంలో చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు నారి పురుగు లేదని సర్టిఫికెట్ ఇచ్చింది. నా సర్వీసు చివర్లో చేరిన పిల్లలకు ఆ పురుగు బొమ్మ చూపిస్తే నవ్వేవారు, ఇంత పొడవు ఎట్లా ఉంటుంది సార్ అని.

నల్లగొండ మనిషినై ఉండి బోదకాలు గురించి రాయకపోతే తప్పు. దాని దారి మోరీలో పెరిగే దోమ. పెద్ద పురుగులు దారాల్లా శోషరస (లింఫ్) నాళాల్లో ఐదారేళ్లు బతుకుతూ లక్షల పిల్లలను రక్తంలోకి వదులుతాయి. ఆ పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి దోమ కుట్టే వేళకు చర్మం దగ్గరికి వస్తాయి. అందుకని మేం రాత్రి తొమ్మిది దాటాక టార్చిలు పట్టుకుని ఇంటింటికీ పోయి వేలు పొడిచేవాళ్లం. కుక్కలు మొరిగేవి. "రాత్రిపూటొచ్చి రక్తం తీస్కపోయి అమ్ముకుంటున్నరు" అని నకిరేకల్ వైపు ఒక ఊళ్లో మా వెంట పడ్డారు. మర్నాడు అదే ఊరి సర్పంచును పిలిచి, రాత్రి తీసిన తడి చుక్కను మైక్రోస్కోపులో చూపించాను. ఎర్ర కణాలను తోసుకుంటూ పాముపిల్లలా మెలికలు తిరుగుతోంది. ఆయన కాసేపు కన్ను తీయలేదు. "ఇది ఎవరిది?" అన్నాడు. పేరు చెప్పలేదు. ఆ మనిషికి కాలు వాపేమీ లేదు, ఆరోగ్యంగా దుక్కి దున్నుకుంటున్నాడు. ఇంటింటికీ తెచ్చే డీఈసీ (బోదకాలు మందు), ఆల్బెండజోల్ మాత్రలు కాలు వాచినవాళ్లకే అని పక్కన పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మాత్ర వేసుకున్నాక వచ్చే జ్వరం, తల తిప్పడం తరచు రక్తంలో ఆ పిల్లలు చస్తున్నందుకే. రెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుగా ఉన్నవాళ్లు తప్ప అందరూ వేసుకోవాలి, ఆశా కార్యకర్త ముందే, తిన్నాక (ఇందులోనూ ఆల్బెండజోల్ ఉంది కాబట్టి మీ మరిది మాత్రం డాక్టరును అడిగాకే). మీ ఇంట్లో ఇప్పటికే కాలు వాచినవాళ్లుంటే రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవడం మాత్రకంటే ఎక్కువ మేలు చేస్తుంది, మాటిమాటికీ వచ్చే జ్వరాలు తగ్గుతాయి.

ఇక మీ పని. ఈ వారంలో ఒక పొద్దున పాప టేపు స్లైడు, మీ తాజా మలం రెండూ ఒకే ట్రిప్పులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. డాక్టరుకు పాప దురద, మీ 8 గ్రాములు, మరిది ఫిట్స్ మూడూ ఒకేసారి చెప్పండి, మాత్ర ఎవరికి వేయాలో ఆయన తేలుస్తారు. శనివారం రాత్రి అందరూ నమిలితే ఆదివారం బొంతలు, దుప్పట్లు ఉతికే పని పెట్టుకోవచ్చు, పాపకు బడి ఉండదు. రెండో మాత్ర సరిగ్గా పద్నాలుగో రోజు, క్యాలెండర్ మీద గుండ్రం చుట్టండి, ఈ రెండోదే అందరూ మరిచిపోయేది. దాని తరువాత మూడు వారాలకు మళ్లీ ఒక టేపు. అప్పుడూ గుడ్లు కనిపిస్తే పాప ఇంకెవరి పక్కన పడుకుంటోందో, ట్యూషన్‌లోనో మేనత్త ఇంట్లోనో, అడిగి చూడండి. పాపకు మూత్రంలో మంట, కడుపు నొప్పితో వాంతులు, మలంలో రక్తం, వీటిలో ఏది ఉన్నా టేపు కోసం ఆగకుండా అదే రోజు చూపించండి.